గుంపు చిన్నదైన కథ

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరారు. వెంట దాదాపు వందమంది. ఇంట్లోని ఆడవాళ్లు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, సామాను మోసేవాళ్లు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి కాబట్టి అంతమందిని పోషించుకోగలిగారు. కానీ ఆ కాలంలో ఎంత ఉన్నవాడికైనా తోడు అవసరమే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత చెప్పుకున్న రోజులవి. దారిలో దోపిడీలు, జ్వరాలు, వంతెనలు లేని నదులు. తోడు ఎంత ఉంటే ధైర్యం అంత. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న వాళ్లు తిరిగి ఇల్లు చేరారు.

దారిలో వీరాస్వామయ్య రాసుకున్న విషయాలు గమనించదగ్గవి. ఏ మజిలీలో మంచినీళ్లు ఉన్నాయి, అంగళ్లలో ఏమేం దొరుకుతాయి, దిగడానికి సత్రం ఉందా, తర్వాతి ఊరు ఎంత దూరం. 1838లో ఆ రాతలు ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ప్రయాణానికి పదిమంది తోడూ కావాలి, దారి తెలిసిన మాటా కావాలి అన్న సంగతి మనవాళ్లకు రైలు రాకముందే తెలుసునన్నమాట. ఆ తోడు ఎంతమంది ఉంటే మంచిదన్న లెక్క మాత్రం అప్పటికి ఎవరికీ తేలలేదు.

అది తేలడానికి ప్రపంచానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. పది పన్నెండుమంది యాత్రికులు, వెంట దారీ భాషా తెలిసిన ఒక గైడు అనే ఈనాటి పద్ధతిని ఏ ఒక్కరూ కూర్చుని కనిపెట్టలేదు. ఒకచోట వ్యానులోని సీట్లు, ఇంకోచోట కొండదారి, మరోచోట గొరిల్లాల ఊపిరితిత్తులు ఆ సంఖ్యను నిర్ణయించాయి. అందులో లాభాలున్నాయని మనుషులు ఆ తర్వాత గ్రహించారు.

ముందు గైడు వచ్చాడు

గైడు పని ఒక కట్టుబాటున్న వృత్తిగా మారడం వెనక ఒక విషాదం ఉంది. 1820లో డాక్టర్ హామెల్ అనే శాస్త్రజ్ఞుడి బృందం ఆల్ప్స్‌లోని మోంబ్లాం శిఖరం ఎక్కబోయింది. వాతావరణం బాగోలేదు, దిగిపోదామని గైడ్లు అన్నా యాత్రికులు పట్టుబట్టారని చెబుతారు. మంచు జారిపడి ముగ్గురు గైడ్లు చనిపోయారు. యాత్రికులు బతికి బయటపడ్డారు.

మరుసటి ఏడాది, 1821లో, ఆ కొండ కిందనే ఉన్న షమొనీ ఊరి గైడ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయపడే నిధి, పని అందరికీ వంతులవారీగా దక్కే ఏర్పాటు, ఏ కొండకు ఎంతమంది గైడ్లు ఉండాలన్న నియమం. మోంబ్లాం ఎక్కాలంటే ఒక్కో యాత్రికుడికి నలుగురు గైడ్లు ఉండాలన్నారు. గైడ్ల జీవనోపాధి కూడా ఆ అంకెలో కలిసే ఉందనుకోండి. అయినా యాత్రికులకూ గైడ్లకూ మధ్య ఒక నిష్పత్తి ఉండాలని కాగితం మీద రాసుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది.

అయితే ఒక్క యాత్రికుడికి నలుగురంటే అది డబ్బున్నవాళ్ల వ్యవహారమే. మామూలు మనిషి ఊరు దాటాలంటే ముందు ఖర్చు దిగిరావాలి. ఆ పని చేసింది ఇంగ్లండులో ఒక వడ్రంగి.

షిల్లింగు ప్రయాణం

థామస్ కుక్ 1808లో డెర్బీషైర్‌లో పుట్టాడు. చెక్కపని చేసేవాడు, బాప్టిస్టు బోధకుడు, తాగుడంటే పడనివాడు. 1841 జూన్‌లో లెస్టర్‌లో జరిగే మద్యపాన వ్యతిరేక సభకు నడిచి వెళ్తుంటే ఒక ఆలోచన తట్టింది. సభలకు జనాన్ని రైల్లో తీసుకెళ్తే? రైల్వే కంపెనీని అడిగాడు, వాళ్లు ఒప్పుకున్నారు. జులై 5న సుమారు 500 మంది లెస్టర్ నుంచి లఫ్‌బరోకు కప్పులేని పెట్టెల్లో, బ్యాండుమేళంతో బయలుదేరారు. దూరం 11 మైళ్లు. రానూపోనూ తలకు ఒక షిల్లింగు.

ఆ రోజు కుక్ చేసింది టికెట్ల బేరమే. అసలు విద్య నాలుగేళ్ల తర్వాత బయటపడింది. 1845లో లివర్‌పూల్‌కు యాత్ర వేసినప్పుడు ముందుగా తానే ఆ దారంతా తిరిగి వచ్చాడు. ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి, ఏం చూడాలి అని ఒక చిన్న పుస్తకం రాసి అందరి చేతుల్లో పెట్టాడు. మన వీరాస్వామయ్య మజిలీల వివరాలు తర్వాతివాళ్లకు పనికొస్తాయని రాశారు. కుక్ అవే వివరాలను సరుకుగా మార్చాడు. యాత్రికుడు డబ్బు కట్టేది రైలుకూ పడకకూ మాత్రమే కాదు, ‘రేపు ఎలా?’ అన్న బెంగ లేకపోవడానికి కూడా అని మొదట పట్టుకున్న వ్యాపారి ఆయన.

1863 జూన్‌లో ఆయన స్విట్జర్లాండుకు తొలిసారి జనాన్ని తీసుకెళ్లాడు. లండన్‌లో వందకు పైగా బయలుదేరారు. పారిస్‌లో కొందరు ఆగిపోయారు, జెనీవా దాటేసరికి ఇంకా కొందరు విడిపోయారు. చివరిదాకా కొండలు ఎక్కి దిగింది కొద్దిమంది మిత్రుల జట్టు. అందులో యార్క్‌షైర్‌కు చెందిన జెమైమా మొరెల్ అనే అవివాహిత ఉంది. తమ జట్టుకు సరదాగా ‘జూనియర్ యునైటెడ్ ఆల్పైన్ క్లబ్’ అని పేరు పెట్టుకుని, పొడుగు గౌన్లతోనే మంచునది దాటి, గెమ్మి కనుమ దాటి, రిగి కొండ మీద సూర్యోదయం చూసి, అంతా డైరీలో రాసింది. మూడు వారాల యాత్రకు ఆమెకైన ఖర్చు దాదాపు 20 పౌండ్లు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడిన లండన్ శిథిలాల మధ్య ఒక రేకుపెట్టెలో ఆ డైరీ దొరికింది. 1963లో అచ్చయింది.

గైడుతో కూడిన యాత్ర వల్ల మొదట బాగుపడ్డది ఎవరో ఆ డైరీ చెబుతుంది. భర్తో తండ్రో వెంట లేకుండా ఆడవాళ్లు దేశం దాటడం అప్పట్లో మర్యాద కాదు. కుక్ యాత్రలో చేరితే మర్యాదకు లోటు లేదు, భద్రతకూ లోటు లేదు. టీచర్లు, దుకాణదారుల కూతుళ్లు, పెళ్లికాని అక్కచెల్లెళ్లు ఆయన టికెట్లు కొన్నారు. వీసా కాగితాల దగ్గర, హోటలు గది దగ్గర, రాత్రి ప్రయాణం దగ్గర ఒంటరి ఆడమనిషి పడే ఇబ్బంది ఇప్పటికీ తీరలేదు. ఆడవాళ్లకే ప్రత్యేకమైన బృంద యాత్రలు మన దేశంలో ఇంత ఆదరణ పొందడానికి కారణం అదే.

నవ్వులపాలైన మంద

పెద్ద గుంపు మీద విసుర్లు కూడా అప్పుడే మొదలయ్యాయి. 1865లో చార్లెస్ లీవర్ అనే నవలాకారుడు మారుపేరుతో ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో కుక్ యాత్రికులను ఏకిపారేశాడు. ఆయన అప్పుడు ఇటలీలో బ్రిటిష్ ప్రతినిధి. ఇటలీ ఊళ్లలో నలభైమందేసి మందలుగా వచ్చి పడుతున్నారనీ, వాళ్లను నడిపించేవాడు గొర్రెలకాపరి కుక్కలా చుట్టూ పరిగెడుతున్నాడనీ ఎగతాళి చేశాడు. ఆస్ట్రేలియా వద్దన్న ఖైదీలను ఇంగ్లండు ఇలా ఇటలీకి తోలుతోందని కూడా రాశాడు. కుక్ ఊరుకోలేదు, విదేశాంగ మంత్రికే ఫిర్యాదు చేశాడు.

లీవర్ మాటల్లో సామాన్యులు ప్రయాణం చేయడం గిట్టని దొరతనం ఉంది. అది తీసేస్తే మిగిలే విమర్శలో పస లేకపోలేదు. నలభైమందికి ఒకే మనిషి ఉంటే అతని పని తలలు లెక్కపెట్టడమే అవుతుంది. వెనకబడ్డవాణ్ని తోలుకురావడం, బండి టైము చూసుకోవడం, భోజనానికి బల్లలు చాలతాయో లేదో అని ఆదుర్దాపడటం. ఊరి గురించి చెప్పే తీరిక దొరకదు.

కుక్ దీన్ని గమనించాడో లేదో గాని, 1872లో భూమి చుట్టూ తొలి యాత్ర వేసినప్పుడు మాత్రం చిన్న బృందంతోనే వెళ్లాడు. అమెరికా, జపాన్, చైనా, సింహళం, మన దేశం, ఈజిప్టు మీదుగా 222 రోజులు. ఆ దూరానికి, ఆ ఖర్చుకు జనం రారు కాబట్టి బృందం చిన్నదయింది. ఆయన కంపెనీ పెరిగిన దారి మాత్రం వేరు: టికెట్లు, హోటలు కూపన్లు, జనసమ్మర్దం. ఆ పేరుతో నడిచిన సంస్థ 2019 సెప్టెంబరులో దివాలా తీసేనాటికి, విదేశాల్లో ఉన్న లక్షన్నరమంది బ్రిటిష్ యాత్రికులను వెనక్కి తెచ్చుకోవడానికి ఆ దేశ ప్రభుత్వం విమానాలు పంపాల్సి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో రైలు స్థానంలోకి టూరిస్టు బస్సు వచ్చింది. నలభై యాభై సీట్లు, పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది దేశాలు, దిగు, ఫోటో తీసుకో, ఎక్కు. 1969లో దీని మీద ఏకంగా ఒక హాలీవుడ్ హాస్యచిత్రమే వచ్చింది. మంగళవారం కాబట్టి ఇది బెల్జియమే అయ్యుండాలి అని దాని పేరు. చూసిన ఊరు ఏదో క్యాలెండరు చూసి చెప్పుకోవాల్సిన దుస్థితి అన్నమాట.

సీట్లు చెప్పిన లెక్క

బస్సులు పెద్దవవుతున్న ఆ రోజుల్లోనే ఇంకో పక్క బండ్లు చిన్నవయ్యాయి. 1957 ఏప్రిల్ 15న లండన్ నుంచి ‘ఇండియామన్’ అనే బస్సు 20 మందితో కలకత్తాకు బయలుదేరింది. నడిపినవాడు గారో-ఫిషర్ అనే ఆంగ్లేయుడు. ఛార్జీ 85 పౌండ్లు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ దాటుకుని జూన్ 5న కలకత్తా చేరింది. ఆ దారిలో ఇరవైమంది యాత్రికులుగా ఉండిపోవడం కుదరదు. గుడారం వేయాలి, వండుకోవాలి, బండి కూరుకుపోతే దిగి తోయాలి. డబ్బు కట్టి వచ్చినవాళ్లే జట్టుగా మారిపోయారు.

1962లో జాన్ ఆండర్సన్ అనే న్యూజిలాండు యువకుడు లండన్‌లో ఉన్నాడు. యూరప్ చూడాలని ఉంది, డబ్బు లేదు. ఒక మినీబస్సు సంపాదించి, ఖర్చు పంచుకునేవాళ్లు కావాలని ప్రకటించాడు. బండిలో పట్టేది పన్నెండుమందే, కాబట్టి పన్నెండుమందే వెళ్లారు. తిరిగొచ్చాక ఆ బండినే మళ్లీ నింపవచ్చని తోచింది. కాంటికి అనే టూరు కంపెనీ అలా మొదలైంది. తర్వాత అది పెద్ద బస్సులకే మారిపోయింది, అది వేరే సంగతి.

ఈ బండ్లలో ఒక విషయం బయటపడింది. పన్నెండు, పదిహేనుమంది ఉంటే రెండో రోజుకల్లా అందరికీ అందరి పేర్లూ తెలుస్తాయి. ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరు మాంసం ముట్టరు, ఎవరికి బస్సులో వాంతులవుతాయి అన్నది గైడుకు కాగితం చూడకుండా గుర్తుంటుంది. నలభైమందిలో అది అసాధ్యం. నలభైమంది బస్సులో నలుగురైదుగురేసి విడిపోయి, ఎవరి ముఠా వాళ్లది అవుతుంది. పెళ్లిభోజనాల్లో వందమందికి వడ్డించేవాడు వరస చూస్తాడు గాని ఆకు చూడడు. ఇంటికొచ్చిన పదిమందికైతే ఎవరి ఆకులో ఏం తక్కువైందో కనబడుతుంది.

కొండ చెప్పిన లెక్క

చిన్న బృందపు యాత్రకు ఇప్పుడున్న రూపం ఇచ్చిన మనిషి కోసం వెతికితే మన పక్కనే ఉన్న కాఠ్మాండూలో దొరుకుతాడు. పేరు జిమ్మీ రాబర్ట్స్. గుజరాత్‌లో పుట్టిన ఆంగ్లేయుడు, గూర్ఖా దళంలో అధికారి. 1953 ఎవరెస్టు యాత్రకు ఆక్సిజన్ సిలిండర్లు చేరవేసినవాడు. 1957లో మచ్ఛపుచ్ఛ్రే శిఖర యాత్రకు నాయకుడు. 1963లో అమెరికన్ల ఎవరెస్టు యాత్రకు రవాణా ఏర్పాట్లు చూశాడు. పర్వతారోహకుల వెంట తిరిగీ తిరిగీ ఆయన ఒకటి గమనించాడు. శిఖరం ఎక్కడం మహా కష్టం, కానీ శిఖరం కిందిదాకా చేసే ప్రయాణం ఎంతో హాయి. షెర్పాలు గుడారం వేస్తారు, వంటవాడు వేడివేడిగా వండిపెడతాడు, కూలీలు సామాను మోస్తారు. మనిషి చేయాల్సింది నడవడం, చూడటం. మరి ఆ హాయి కోసం ఎవరెస్టు ఎక్కాల్సిన పనేముంది?

1964లో ఆయన ‘మౌంటెన్ ట్రావెల్’ అనే సంస్థ పెట్టాడు. ఒక అమెరికన్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. 1965 మొదట్లో తొలి బృందం వచ్చింది: ముగ్గురు అమెరికన్ ఆడవాళ్లు, వయసుమళ్లినవాళ్లు, హుషారైనవాళ్లు. వాళ్లు ఎవరెస్టు ప్రాంతానికి నడిచి వెళ్లి సంతోషంగా తిరిగొచ్చారు. ఈనాడు లక్షలమంది చేసే హిమాలయ ట్రెక్కింగు అనే వ్యాపారానికి మొదటి గిరాకీ ఆ ముగ్గురే.

ఆ ఏర్పాటులో పనులు ఎలా పంచుకున్నారో చూస్తే చిన్న గుంపు ఎందుకు తప్పనిసరో అర్థమవుతుంది. సర్దార్ అనే పెద్ద మొత్తం యాత్రకు బాధ్యుడు. ఆయన కింద వంటవాడు, దారి చూపే షెర్పాలు, కూలీలు. పొద్దున్నే గుడారం దగ్గరికే టీ. యాత్రికులు నెమ్మదిగా నడుస్తుంటే కూలీలు ముందుగా వెళ్లి మధ్యాహ్నం మజిలీలో పొయ్యి వెలిగిస్తారు. యాత్రికులు ఒక్కరు పెరిగితే తిండి, గుడారం, వాటిని మోసే కూలీలు, ఆ కూలీల తిండి కూడా పెరుగుతాయి. ముప్ఫైమంది యాత్రికులంటే కొండదారిలో ఒక చిన్న సైన్యం. ఆ ఊళ్లలో అంత కట్టెపుల్ల దొరకదు, అన్ని గుడారాలకు చదునైన నేల కూడా దొరకదు.

ఇంకొక లెక్క గాలిది. ఎత్తుకు పోయేకొద్దీ ఆక్సిజన్ పలచబడుతుంది. తలనొప్పి, వాంతులతో మొదలైన బాధ ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరేదాకా పోవచ్చు. దానికి మేలైన మందు వెంటనే కిందికి దిగడం. 1973లో కాఠ్మాండూలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ పుట్టింది ఈ మరణాలు ఆపడానికే. అనుభవమున్న గైడు యాత్రికుడి నడక చూసి, మాట తడబడటం చూసి పసిగడతాడు. పదిమంది ఉంటే ప్రతి సాయంత్రం ఒక్కొక్కరినీ పలకరించగలడు.

ఇక్కడే బృంద యాత్రను పొగిడేవాళ్లు చెప్పని నిజం ఒకటుంది. 1992లో వైద్యులు నేపాల్ ట్రెక్కర్ల మరణాలను పరిశీలిస్తే, ఎత్తు వల్ల చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఏర్పాటు చేసిన బృందాల్లో వచ్చినవాళ్లేనని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఒంటరిగా వెళ్లినవాడు తలనొప్పి వస్తే ఆ రోజుకు ఆగిపోతాడు. బృందంలో ఉన్నవాడు నా ఒక్కడి వల్ల అందరికీ ఆలస్యమని నోరు మూసుకుని నడుస్తాడు. తిరుగు విమానం టికెట్టు ముందే కొనేశారు, రోజులు లెక్కగా ఉన్నాయి. అంటే గైడు ఉంటే చాలదు. అవసరమైతే బృందాన్ని రెండుగా చీల్చి ఒకరిని కిందికి పంపడానికి రెండో మనిషి ఉండాలి, ప్రణాళికలో ఖాళీ రోజు ఉండాలి, ఆగమనే అధికారం గైడుకు ఉండాలి. హామెల్ గైడ్లకు లేనిది సరిగ్గా అదే.

మనవాళ్లకు తెలిసిన ఉదాహరణ కైలాస మానససరోవర యాత్ర. 1981 నుంచి విదేశాంగ శాఖ దీన్ని బ్యాచీలుగా నడుపుతోంది. లిపులేఖ్ దారిలో ఒకప్పుడు బ్యాచీకి 60 మంది దాకా వెళ్లేవారు. 2020 నుంచి ఐదేళ్లు ఆగి 2025లో మళ్లీ మొదలైనప్పుడు బ్యాచీకి 50 మంది అన్నారు. చిన్న గుంపు కాదు గాని, వెంట లైజాన్ ఆఫీసరు ఉంటారు. ఢిల్లీలో ఒకసారి, పైకి వెళ్లాక గుంజిలో ఇంకోసారి వైద్యపరీక్ష. రెండో పరీక్షలో తప్పితే ఎంత మొక్కుకున్నా వెనక్కి రావాల్సిందే. ఆ నిక్కచ్చితనమే యాత్రికులను కాపాడుతోంది.

ప్రకృతి చెప్పిన లెక్క

1970ల నాటికి లెక్క వేరేవాళ్ల చేతుల్లోకి పోయింది. ఈసారి నిర్ణయించింది యాత్రికుడి సుఖం కాదు, చూడబోయే చోటి ఓపిక.

స్వీడన్‌లో పుట్టిన లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో 57 మందిని అర్జెంటీనా ఓడలో అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది గలాపగోస్ దీవులకు వెళ్లాడు. అక్కడి జంతువులకు మనిషంటే భయం లేదు. అదే వాటికి ముప్పు. ఈక్వడార్ ప్రభుత్వం అక్కడ కట్టుదిట్టమైన పద్ధతి తెచ్చింది. శిక్షణ పొందిన గైడు లేకుండా చాలాచోట్ల కాలు పెట్టకూడదు. ఒక గైడుకు 16 మందికి మించకూడదు. గుర్తుపెట్టిన బాట దాటకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరం పాటించాలి. అంటార్కిటికాలో 1991లో ఏడు కంపెనీలు కలిసి సంఘం పెట్టుకుని, ఒకచోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డుకు దింపకూడదని తమకు తామే కట్టడి వేసుకున్నాయి. 500 మందికి మించి ఎక్కిన ఓడ అసలు ఎవరినీ దింపదు.

అన్నిటికంటే చిన్న అంకె రువాండాది. 1970ల చివర్లో అక్కడి పర్వత గొరిల్లాల అడవిలో మూడోవంతు కొట్టేసి పశువుల మేతకు ఇవ్వాలన్న ఆలోచన నడుస్తోంది. బిల్ వెబర్, ఏమీ వెడ్డర్ అనే అమెరికన్ దంపతులు 1979లో ఇంకో దారి చూపారు. గొరిల్లాలను కొద్దిమందికి చూపించి, ఆ డబ్బుతో అడవిని నిలబెడదామన్నారు. కొద్దిమందే ఎందుకంటే, మనిషి జలుబు గొరిల్లాకు అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడక్కడ ఒక గొరిల్లా కుటుంబాన్ని రోజుకు 8 మందే చూడాలి, గంట సేపే చూడాలి. 2017 నుంచి విదేశీయుల పర్మిట్ ధర 1,500 డాలర్లు. పార్కు రాబడిలో పదోవంతు చుట్టుపక్కల ఊళ్లకు పోతుంది. 1981లో విరుంగా కొండల్లో లెక్కకు వచ్చినవి సుమారు 250. 2018 నాటికి మొత్తం పర్వత గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది. పశువైద్యుల, అటవీ కాపలాదారుల శ్రమ ఇందులో పెద్ద పాలు. కానీ ఆ శ్రమకు జీతాలిచ్చిన డబ్బులో పర్యాటకుల వంతు తక్కువేమీ కాదు.

పెరూలోని ‘ఇంకా ట్రైల్’ బాటకూ 2001 నుంచి ఇలాంటి నియమమే. గైడు లేకుండా నడవకూడదు, కూలీలతో సహా రోజుకు 500 మందే. రాళ్లు పేర్చిన పాత బాట అరిగిపోకుండా ఉండాలంటే ఇది తప్పలేదు. వెనిస్ నగరం 2024 నుంచి గైడు వెంట తిరిగే గుంపు 25 మందికి మించకూడదంది, మైకులు నిషేధించింది. గుంపు వల్ల ఊరివాళ్లకు ఊపిరాడకపోతే ఊరు కూడా అడవిలాగే నియమం పెట్టుకోవాల్సి వస్తుంది.

అంకె అమ్ముడుపోయింది

బండి, కొండ, అడవి చెప్పిన లెక్కను సరుకుగా చేసింది 1980ల చివర్లో వచ్చిన కుర్రవాళ్లు. ఆస్ట్రేలియాకు చెందిన డారెల్ వేడ్, జెఫ్ మాంచెస్టర్ అనే మిత్రులు ఆఫ్రికాలో ఒక లారీలో తిరిగొచ్చి, 1989లో ఇంట్రెపిడ్ అనే సంస్థ మొదలుపెట్టారు. 1990లో కెనడాలో బ్రూస్ పూన్ టిప్ అనే యువకుడు క్రెడిట్ కార్డుల మీద అప్పుచేసి ఇప్పటి జీ అడ్వెంచర్స్ పెట్టాడు. రెండు సంస్థలదీ ఒకే సూత్రం. పది పన్నెండుమంది, స్థానిక గైడు, జనం ఎక్కే బస్సు, ఊరివాళ్ల ఇల్లు, వీధి చివర హోటలు.

చిన్న గుంపుకు అందే చోట్లు పెద్ద గుంపుకు అందవని వీళ్లు నిరూపించారు. పదిమంది ఒక రైతు ఇంట్లో కూర్చుని తినగలరు. నలభైమందికి పెద్ద హాలున్న హోటలే కావాలి, అది చాలాసార్లు కమీషన్లు ముట్టే హోటలే అవుతుంది. పదిమంది ఉంటే డబ్బు నాలుగు చిన్న చేతుల్లోకి పోతుంది. తప్పు దిద్దుకోవడం కూడా సులువు. ఇంట్రెపిడ్ 2014లో ఏనుగు సవారీలన్నీ తీసేసింది.

మన దేశంలో బృంద యాత్ర వేరే దారిలో పెరిగింది. కలకత్తాలో 1933లో మొదలైన కుండు స్పెషల్ రైలుపెట్టెల్లో బెంగాలీలను వంటవాళ్లతో సహా తిప్పింది. మహారాష్ట్ర టూరు కంపెనీలు ఆ పద్ధతినే విమానాల దాకా తీసుకెళ్లాయి. మన తెలుగు ఊళ్ల నుంచి కాశీకి, చార్‌ధామ్‌కు పోయే బస్సుల్లోనూ డిక్కీలో బియ్యం బస్తా, గ్యాసుపొయ్యి, ముందు సీట్లో వంటమాస్టరు ఉంటారు. హరిద్వార్‌లో పప్పుచారు తినడం చిన్న విషయమేం కాదు. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ ఇల్లు కదిలిందంటే ఆ పప్పుచారు పుణ్యమే. పెద్ద బస్సు చౌక కాబట్టే ఆమె వెళ్లగలిగింది. కుక్ షిల్లింగుకు ఉన్న గౌరవం ఆ బస్సుకూ ఇవ్వాలి.

చిన్న బృందం ఖర్చు ఎక్కువ, అది దాచడానికి లేదు. గైడు జీతం, బండి అద్దె నలభైమంది మీద పడటానికీ పదిమంది మీద పడటానికీ తేడా ఉంటుంది. పదిమందిలో ఒక్క గొణుగుడు మనిషి చేరితే తప్పించుకోవడానికి చోటు కూడా ఉండదు. గుడి దర్శనానికి, తెలిసిన నాలుగు ఊళ్లకు పెద్ద బస్సే మేలు. కొండకు, అడవికి, భాష తెలియని దేశానికి, మొదటిసారి ఒంటరిగా బయలుదేరే ఆడవాళ్లకు, మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకు మాత్రం చిన్న బృందమే మేలు. అక్కడ ఎక్కువ పెట్టిన డబ్బు విలాసానికి కాదు, గైడు కంటికి మీరు ఆనడానికి.

కాబట్టి ఈసారి టూరు బుక్ చేసేటప్పుడు ధర అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక గైడుకు ఎంతమంది? ఆ గైడు చూడబోయే చోటి మనిషేనా? ఒకరికి జబ్బుచేస్తే వాళ్ల వెంట ఉండటానికి రెండో మనిషి ఉన్నాడా? రోజుల లెక్కలో ఒక్క ఖాళీ రోజైనా ఉందా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పే సంస్థకు అడ్వాన్సు కట్టండి. ‘అన్నీ మేం చూసుకుంటాం సార్’ అని మాత్రమే చెబితే ఇంకో సంస్థను వెతుక్కోండి.